పిండి మీద అడుగులు

రాత్రి రెండు దాటినా ఆ వీధిలో కూర్చోవడానికి కుర్చీ దొరికేది కాదు. దుబాయ్ చివర, ఇసుక మొదలయ్యే చోట, ఒక్కో భాగానికి ఒక్కో దేశం పేరు పెట్టి కట్టిన అపార్ట్‌మెంట్ల గుంపు ఒకటుంది. అందులో చైనా పేరున్న భాగంలో కింది అంతస్తులన్నీ హోటళ్ళే. పగలు వెళ్తే పిల్లులు తప్ప ఎవరూ కనపడరు. చీకటి పడిందా, వరసగా ఎర్ర లాంతర్లు వెలిగేవి, బల్లలన్నీ రోడ్డు మీదికి వచ్చేసేవి. పుల్లలకు గుచ్చిన మాంసం బొగ్గుల మీద కాలుతూ ఉంటే జీలకర్ర, ఎండుమిర్చి కలిసిన పొగ వీధంతా కమ్మేసేది. బల్ల మధ్యలో గిన్నెలో ఎర్రటి చారు కుతకుతా ఉడుకుతుంటే చుట్టూ పదిమంది కూర్చుని అందులో ముంచుకుని తినేవాళ్ళు. ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకునేవాళ్ళు. మొదట్లో కొట్టుకుంటున్నారేమో అనుకున్నాను. కాదు, మాట్లాడుకుంటున్నారంతే. మేం నెల్లూరు వాళ్ళం మాత్రం తక్కువా, బస్టాండులో మేం మాట్లాడుకుంటుంటే పరాయివాళ్ళు అలాగే అనుకుంటారు.

కరోనా రోజుల్లో ఆ వీధి చచ్చిపోయింది. లాంతర్లు ఉండేవి, వెలుతురు ఉండేది, మనుషులు ఉండేవాళ్ళు కాదు. తర్వాత ఒక ఎండాకాలంలో మళ్ళీ ప్రాణం పోసుకుంది. నేను చెప్పేది ఆ ఎండాకాలం సంగతే.

వాళ్ళ పని అయిపోయాక నా పని మొదలయ్యేది. నేను పెస్ట్ కంట్రోల్ కంపెనీలో మందు కొట్టేవాణ్ణి. బొద్దింకలు, ఎలుకలు, ఈగలు, నా బతుకంతా వీటితోనే. పెళ్ళిచూపుల్లో మా వాళ్ళు 'హోటల్ లైన్లో ఉన్నాడు' అని చెప్పారు, అబద్ధం కాదుగా! హోటళ్ళు మూసేశాక, మూడింటి నుంచి తెల్లవారి అజాన్ వినపడేదాకా మాకు టైం. చాలామంది యజమానులు మా కోసం కాచుకుని కూర్చోలేక వెనక తలుపు తాళంచెవి ఒకటి మాకే ఇచ్చేవాళ్ళు. నా నడుముకు ఎప్పుడూ పదకొండు తాళంచెవుల గుత్తి ఉండేది.

అంత సందడి జరిగిన హోటల్లో ఓ గంట తర్వాత ఒక్కడివే నిలబడితే అదో రకంగా ఉంటుంది. కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఎక్కించి ఉంటాయి. ఫ్రిజ్ మోటారు ఉన్నట్టుండి ఆగుతుంది. అప్పటిదాకా ఆ చప్పుడు ఉందని కూడా మనకు తెలియదు, ఆగాక తెలుస్తుంది. టార్చి వేస్తే గోడ మీద ఏదో కదిలి, మళ్ళీ ఏమీ కదలదు. ఎనిమిదేళ్ళు చేశాను ఆ పని. భయం లేదని చెప్పను, అలవాటైందని చెప్తాను.

వీధి చిట్టచివర ఎనిమిది బల్లల చిన్న హోటల్ ఒకటుండేది. ముసలి మొగుడూ పెళ్ళాలే నడిపేవాళ్ళు. ఆయన పొడుగు మనిషి, నోట్లోంచి మాట రాలేది కాదు. ఆమె పొట్టి, ఆమె గొంతు పక్క వీధికి వినపడేది. లోపలి మెట్లెక్కితే పైన ఒక గది. ఇద్దరూ అక్కడే పడుకునేవాళ్ళు. నేను పదిహేను రోజులకోసారి, మంగళవారం రాత్రి వెళ్ళేవాణ్ణి. వంటగది తలుపు పక్కన బల్ల మీద ఆ పెద్దాయన నా కోసం ఫ్లాస్కులో టీ, మూతపెట్టిన గిన్నెలో ఏదో ఒకటి ఉంచేవాడు. మొదటిసారి నాకని తెలియక ముట్టుకోలేదు. తర్వాతిసారి ఆయన మేలుకునే ఉండి, గిన్నె చూపించి, నన్ను చూపించి, 'ఏం, నీకేం రోగం?' అన్నట్టు చెయ్యి తిప్పాడు. అప్పట్నుంచి మారుమాట్లాడకుండా తినేసేవాణ్ణి.

సైగలతోనే ఆమెకు నేను ఒక విద్య నేర్పాను. ఎలుక ఏ దారిన వస్తోందో తెలియకపోతే, రాత్రి పడుకునే ముందు నేల మీద పల్చగా మైదాపిండి చల్లాలి. పొద్దున చూస్తే అడుగులు కనపడతాయి. ఆ దారిలో జిగురు అట్ట పెడితే ఖలాస్. ఆమె చప్పట్లు కొట్టి నవ్వింది. వాళ్ళ ఊళ్ళో కూడా పిండి చల్లుతారని ఏదో చెప్పబోయింది కానీ, నాకు వేరే హోటల్ ఉంది, నిలబడలేదు.

తర్వాత మూడు వారాలు నన్ను అల్ ఐన్‌లో పనికి పంపారు. తిరిగొచ్చిన రోజు మంగళవారం. డ్యూటీ కాగితంలో ఆ హోటల్ పేరుంది. మా వ్యాన్ డ్రైవరు నన్ను సందులో దింపి, సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు. కడప దగ్గరి మనిషి, యాభై దాటినవాడు. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను సామీ అంటాడు.

వెనక తలుపు తీసి, బూట్ల మీద సన్నటి ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్నాను. వంటగదుల్లో అడుగుపెట్టాలంటే అవి ఉండాలని మా కంపెనీ రూలు. టార్చి వేశాను. తలుపు దగ్గర్నుంచి బల్లదాకా నేలంతా తెల్లగా పిండి.

'పర్లేదే, నేర్చుకుంది' అనుకున్నా. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఎలుక ఎక్కడన్నా నడవా నట్టనడుమ నడుస్తుందా? గోడ వారగా కదా పోయేది! ఇంత చెప్తే ఇదా చేసేది అని గొణుక్కుంటూ పిండి మీదే నడిచాను, ఇంకో దారి లేదు మరి. బల్ల మీద అన్నం గిన్నె, పక్కన టమాటా, కోడిగుడ్డు కలిపి చేసిన కూర, టీ, చిన్న గ్లాసులో సారా లాంటిది. ఆయనకు ఇవాళ నా మీద ప్రేమ ఎక్కువైందనుకున్నా. తినే పుల్లలు రెండూ అన్నంలో నిలువునా గుచ్చి ఉన్నాయి. ఇదేం సరదా అని లాగి పక్కన పెట్టాను.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కూర బాగుంది. అల్ ఐన్‌లో మూడు వారాలు రొట్టె, పప్పు తిన్న నోటికి ప్రాణం లేచొచ్చింది. గిన్నె ఖాళీ చేశాను. గ్లాసు మాత్రం ముట్టుకోలేదు, డ్యూటీలో తాగానని ముదీర్‌కి, అదే మా మేనేజరుకి, తెలిస్తే తోలు తీస్తాడు. తింటుండగా పైన ఏదో చప్పుడైంది. ఎవరో నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడిస్తే వచ్చే చప్పుడు అది. తల ఎత్తి మెట్లవైపు చూశాను. చీకటి. ఆగిపోయింది. మళ్ళీ మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుని ఉంటారులే అనుకుని, మూలల్లో బొద్దింకల మందు జెల్ పెట్టి, తాళం వేసి వచ్చేశాను. ఎందుకో ఆ రాత్రి వెన్నులో చల్లగా ఉంది. ఏసీ అనుకున్నాను, ఆ హోటల్లో ఏసీ ఆపేసి ఉందని వ్యాన్ ఎక్కాక గుర్తొచ్చింది.

మందు కొట్టిన మర్నాడో ఆ మర్నాడో పగలు వెళ్ళి కాగితం మీద సంతకం తీసుకోవాలి. గురువారం మధ్యాహ్నం వెళ్ళాను. ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. చొక్కా చేతికి నల్లగుడ్డ ముక్క పిన్నుతో పెట్టుకుంది. నన్ను చూడగానే లేచి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టింది. ఫోన్ తీసి దాంట్లో వాళ్ళ భాషలో మాట్లాడింది. ఫోన్ దాన్ని తెలుగు చేసి చెప్పింది. ఆ గొంతు మీరు విని ఉంటారు. ఆడ గొంతే, కానీ దాంట్లో ఏడుపుండదు, నవ్వుండదు, ఊపిరి కూడా ఉండదు.

"నా భర్త మరణించారు," అంది ఫోన్.

ఆమె కళ్ళల్లో మాత్రం మెరుపుంది. గబగబా మాట్లాడుతోంది, ఫోన్ దాని తీరున అది చెప్పుకుపోతోంది.

"ఆ రాత్రి మేము గొడవ పడ్డాము. నేను హోటల్ మూసి మన ఊరు వెళ్దాం అన్నాను. ఆయన వద్దన్నారు. నేను పెట్టిన అన్నం గిన్నెను తోసేశారు. ఆకలితో నిద్రపోయారు. ఉదయం లేవలేదు."

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"మరణించినవారు ఏడవ రాత్రి ఇంటికి వస్తారు. మనం వారికి కనిపించకూడదు. మంగళవారం ఏడవ రాత్రి. నేను అన్నం పెట్టి, పిండి చల్లి, పైన దుప్పటి కింద దాక్కున్నాను. ఆయన వచ్చారు. కుర్చీ శబ్దం విన్నాను. ఆయన తిన్నారు."

ఫోన్లో ఫొటో తీసి చూపించింది. పిండి మీద అడుగులు. తలుపు నుంచి బల్లదాకా.

"చూడండి. వేళ్ళు లేవు. మడమ లేదు. బూటు గుర్తు లేదు. జీవించి ఉన్నవారి అడుగులు ఇలా ఉండవు. సారా కూడా తాగలేదు. ఇరవై సంవత్సరాలుగా మానమన్నాను. ఇప్పుడు నా మాట విన్నారు."

ఆమె నవ్వుతోంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది. నా చేతిలో సంతకం కాగితం ఉంది. 'మంగళవారం రాత్రి మూడు నలభై, పని పూర్తయింది' అని నా చేతిరాతతో రాసి ఉంది. దాన్ని బల్ల కింద నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాను. చెప్పాలి. నోరు తెరిచాను కూడా. ఆమె మొహం చూసి మళ్ళీ మూసుకున్నాను.

నాకు సిగ్గేసిన సంగతి ఇంకొకటుంది. ఇది నాకు తెలియని ఆచారమేం కాదు. మా పెదనాన్న పోయినప్పుడు ఆయన ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పిండి పరిచి, తలుపు దగ్గరికేశారు. తెల్లారి అందరూ వంగి చూశారు. ఏదో గీత పడితే పిట్ట కాలని ఒకరు, కాదు పిల్లని ఒకరు. పిండాలు పెట్టినప్పుడు కాకి ముట్టకపోతే మా పెద్దమ్మ మండుటెండలో నిలబడి, 'ఇంకా ఏం కోపం నీకు, చెప్పు' అని గాల్లోకి చూసి అడిగింది. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే. ఇన్ని తెలిసినవాణ్ణి, ఆ రాత్రి పిండి చూసి ఎలుక అనుకున్నాను. అన్నంలో పుల్లలు చూసి సరదా అనుకున్నాను, చనిపోయినవాళ్ళకు పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారట. పనన్నది మనిషిని గుడ్డివాణ్ణి చేస్తుందంటే ఇంతకంటే ఏం చెప్పను.

వ్యాన్లో భాయ్‌కి చెప్పాను. పడీపడీ నవ్వాడు.

"ఏం సామీ, పీనుగు కూడు తినొచ్చినావా? ఇంగ నీ పక్కన పండుకోను బో!"

"నవ్వబాక భాయ్. ఆమె మొగుడే వచ్చి తిన్నాడని నమ్ముతుండాది."

నవ్వు ఆగిపోయింది. కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళతో కొట్టాడు.

"నమ్మనీలే. చెప్తే ఏమొస్తాది? ఆయప్ప మల్లా పస్తు పండుకున్నట్టే గదా ఆ యమ్మకు."

అదే మాట నా మనసులోనూ ఉంది. ఆఫీసుకెళ్ళి, హోటల్ మూసి ఉంది, యజమాని పోయాడు, పని జరగలేదని చెప్పాను. ముదీర్ నన్ను నాలుగు తిట్టి, ఆ హోటల్ పేరు మీద గీత కొట్టాడు. తాళంచెవి తెచ్చివ్వమన్నాడు. రేపిస్తానన్నాను. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో అప్పుడు నన్ను అడిగితే నాకే తెలియదు.

తర్వాతి మంగళవారం నేను ఫుజైరాలో ఉన్నాను. పోర్టు దగ్గర గోడౌన్లలో ఎలుకల పని. అర్ధరాత్రి టీ తాగుతూ రోజులు లెక్కపెట్టుకున్నా. పద్నాలుగు. చైనా వాళ్ళకు ఏడో రాత్రి ఒక్కటేనా, ప్రతి ఏడూనా? ఆ వీధి హోటళ్ళకు కూరగాయలు వేసే ఒకతనికి ఫోన్ చేసి నిద్ర లేపి మరీ అడిగాను. ఏడు వారాలు, నలభై తొమ్మిది రోజులు, ప్రతి ఏడో రాత్రీ పెడతారన్నాడు. ఆ టైంకి ఆమె దుప్పటి కింద కుర్చీ చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉంటుంది. నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నాను నేను, చేతిలో పేపర్ కప్పు పట్టుకుని.

గురువారం వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది. వీధంతా కళకళలాడుతోంది, ఆ ఒక్క లాంతరు ఆరిపోయి ఉంది. వంగి లోపలికి వెళ్తే ఆమె చీకట్లో కూర్చుని ఉంది. రెండు రోజుల్లో మనిషి సగమైంది. నన్ను గుర్తుపట్టడానికే కాసేపు పట్టింది. ఫోన్ తీసింది.

"రెండవ ఏడవ రాత్రి ఆయన రాలేదు. పిండి అలాగే ఉంది. అన్నం అలాగే ఉంది. కోపం తగ్గలేదు. ఆయన తినే వరకు నేను తినను."

"అమ్మా, అలా అనకూడదు. తినాలి," అన్నాను. ఫోన్ దాన్ని వాళ్ళ భాషలో చెప్పింది. ఆమె తల అడ్డంగా ఊపింది. పక్క హోటల్ వాళ్ళు తెచ్చిన గంజి బల్ల మీద మూత తీయకుండానే ఉంది.

నేను ఆమెకు నిజం చెప్పాల్సింది ఆరోజే. మొదటిసారీ ఆయన రాలేదమ్మా, వచ్చింది నేను అని చెప్పాల్సింది. పిరికివాణ్ణి, చెప్పలేదు. దానికి బదులు ఇంకో సంగతి మనసులో ఖాయం చేసుకున్నాను. మూడో ఏడు వచ్చే మంగళవారం. తాళంచెవి నా దగ్గరే ఉంది. ప్లాస్టిక్ తొడుగులు పెట్టెడు ఉన్నాయి. ఆయన రాకపోతే నేను వస్తాను.

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు భాయ్, మంగళవారం రాత్రి సందు మొదట్లో వ్యాన్ ఆపి. "తెలియక తినింది వేరే. తెలిసీ పోతాండావే! సచ్చినోని కుర్చీలో కూర్చుంటావా?"

"ఆమె వారం నుంచి తినట్లేదు భాయ్."

"అయితే చెప్పెయ్."

"ముందు తిననీ. తర్వాత చెప్తా."

"నేను లోపలికి రాను. పది నిమిషాలు చూస్తా. ఆ మీద నీ ఇష్టం, యల్లా, పో," అని దువా చదవడం మొదలుపెట్టాడు. ఆయన చదువుతుంటే నాకింకా భయమేసింది.

వీధిలో ఇంకా రెండు మూడు బల్లల దగ్గర జనం ఉన్నారు. ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. వెనక సందులోకి తిరగ్గానే ఆ నవ్వు ఎవరో మూత పెట్టినట్టు ఆగిపోయింది. తలుపు ముందు కూర్చుని తొడుగులు వేసుకున్నాను. తొందరలో ఒకటి చిరిగింది, ఇంకోటి వేసుకున్నా. దొంగతనానికి వెళ్ళేవాడు కూడా అంత కంగారు పడడు.

తలుపు తీశాను. టార్చి వేయలేదు, చనిపోయినవాళ్ళకు టార్చి ఎందుకు? రోడ్డు మీది దీపం అద్దంలోంచి కాస్త పడుతోంది. నేల తెల్లగా ఉంది. బల్ల మీద గిన్నె ఉంది. గిన్నెలోంచి ఆవిరి వస్తోంది. పాపం, మాట్లాడ్డానికి కూడా ఓపిక లేని మనిషి, లేచి వండిపెట్టింది అనుకున్నాను. ఈసారి అన్నం మీద బంగాళదుంప వేపుడు. దారాల్లా సన్నగా తరిగి, వెనిగర్ పోసి, ఎండుమిర్చి వేసి వేయించింది. ఘాటు ముక్కుకు కొట్టింది. వంటగదిలో పొయ్యి చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది.

ఒక్కో అడుగూ నొక్కి నొక్కి వేశాను, బాగా పడాలని. కుర్చీ లాగాను, చప్పుడు అయ్యేటట్టే. కూర్చున్నాను. పైన చెప్పులు ఈడ్చిన చప్పుడు, ఈ మూల నుంచి ఆ మూలకి. మళ్ళీ ఈ మూలకి. ఈసారి దుప్పటి కింద దాక్కోలేదు, తిరుగుతోంది అనుకున్నా. పైకి చూడలేదు. తిన్నాను. నోరు కాలింది, పులుపుకి పళ్ళు జివ్వుమన్నాయి. అయినా ఒక్క మెతుకు మిగల్చలేదు. తింటున్నంతసేపూ మెడ వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంది. సగంలో చెప్పుల చప్పుడు మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. నేనూ నమలడం ఆపాను. ఆమె కిందికి వస్తే అయిపోయాను. రాలేదు. చివరి ముద్ద మింగి, లేచి, తాళం వేసి, సందంతా పరుగెత్తాను. భాయ్ నా మొహం చూసి బండి తీశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆగలేక వెళ్ళాను. భాయ్‌ని కూడా లాక్కెళ్ళి బయట ఉంచాను. ఆమె సంతోషంగా ఉంటుంది, ముందు కాస్త గంజి తాగించి, తర్వాత మెల్లగా చెప్పాలి, ఇదీ నా లెక్క. షట్టరు ఎత్తి ఉంది. ఆమె కుర్చీలో వాలి ఉంది. మణికట్టుకు ఆస్పత్రి ప్లాస్టిక్ పట్టీ, మోచేతి దగ్గర దూది. నేల శుభ్రంగా ఉంది. పిండి లేదు.

ఫోన్‌లో అడిగాను. "రాత్రి ఆయన వచ్చారా?"

ఆమె నన్ను వింతగా చూసింది. మాట్లాడింది. ఫోన్ పలికింది.

"నాకు తెలియదు. ఆ రాత్రి నేను ఇక్కడ లేను. సోమవారం పడిపోయాను. పక్క హోటల్ వారు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఈ ఉదయం వచ్చాను. మూడవ ఏడవ రాత్రి నేను ఏమీ పెట్టలేదు."

బల్ల పట్టుకున్నాను. అదే బల్ల. నున్నగా తుడిచి ఉంది.

"పిండి?" అన్నాను.

"చల్లలేదు."

"పైన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఆయన అస్థికలు ఉన్నాయి. విమానాలు సరిగా లేవు. ఊరికి పంపలేదు."

ఇంక దాచడానికి ఏం మిగిలింది? మొత్తం కక్కేశాను. మొదటి ఏడో రాత్రి తిన్నది నేనేనని, ఆ అడుగులు నా తొడుగులవేనని, తెలియక చేశానని, తెలిశాక నోరు మూసుకున్నానని, రాత్రి దొంగలా మళ్ళీ వచ్చానని. నేను ఆగి ఆగి చెప్తుంటే ఫోన్ ఆగకుండా వాళ్ళ భాషలో అప్పజెప్పింది. మొదటి రాత్రి సంగతి వినగానే ఆమె మొహం పాలిపోయింది, కళ్ళు మూసుకుంది. చెయ్యి చేసుకుంటుందేమో అనుకున్నా, చేసుకున్నా బాగుండేది. రాత్రి సంగతి వచ్చేసరికి కళ్ళు తెరిచింది.

"గిన్నెలో ఏమి ఉంది?" అంది ఫోన్.

చెప్పాను. అన్నం, సన్నగా తరిగిన బంగాళదుంప, వెనిగర్, ఎండుమిర్చి.

"పులుపుగా ఉందా?"

"పళ్ళు పులిశాయమ్మా. ఇప్పటికీ జివ్వుమంటున్నాయి."

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఫోన్ దగ్గరికి వంగింది.

"నేను ఆ కూర వండను. నాకు అంత పులుపు పడదు. అది ఆయన మాత్రమే వండుతారు."

ఎవరో వచ్చి పెట్టి ఉంటారని నేను వాదించాను. పక్క హోటల్ వాళ్ళేమో, ఎవరైనా సాయానికి వచ్చారేమో అని. వాదిస్తున్నది ఆమె కోసం కాదు, నా ప్రాణం కోసం. ఆమె వేళ్ళు మడిచి చెప్పింది. ఒక తాళంచెవి తన సంచిలో, తనతోపాటు ఆస్పత్రిలో. రెండోది ఆయనది, పైన అస్థికల డబ్బాలో. మూడోది నా నడుముకి.

"వేడిగా ఉందా?" అని అడిగింది మళ్ళీ.

"నోరు కాలింది."

"అయితే ఆయన పొయ్యి దగ్గర నిలబడ్డారు. కోపంగా ఉన్నవారు ఇంకొకరి కోసం పొయ్యి వెలిగించరు."

ఫోన్ గొంతులో ఏమీ లేదు, ఎప్పట్లాగే. ఆమె గొంతు మాత్రం అప్పుడు విన్నాను, ఫోన్ కంటే ముందు వచ్చిన అసలు గొంతు. భాష రాకపోయినా నాకు అర్థమైంది. ఆమె గోడ పట్టుకుని లేచింది. నేను సాయం పట్టబోతే వద్దంది. వంటగదిలోకి వెళ్ళింది. నాకు ఆ గడప దాటాలంటే కాళ్ళు రాలేదు, బయటే నిలబడ్డాను. గిన్నె చప్పుడైంది, నీళ్ళు కాగిన చప్పుడైంది. ఆస్పత్రి వాళ్ళు కట్టిచ్చిన అన్నంలో వేడినీళ్ళు పోసుకుని తెచ్చుకుంది. ఆ కుర్చీలో, నేను కూర్చున్న కుర్చీలో, ఆయన కుర్చీలో కూర్చుంది.

మొదటి ముద్ద గొంతు దగ్గర ఆగింది. ఏడుపూ అన్నమూ కలిసి పొలమారింది. నీళ్ళు తాగి మళ్ళీ పెట్టుకుంది. రెండోది దిగింది. మూడోది దిగింది. నా ఒంటి మీద రోమాలు నిక్కపొడుచుకునే ఉన్నాయి, రాత్రి నేను ఎవరి చేతి వంట తిన్నానో తలుచుకుంటే పారిపోవాలని ఉంది. బయట భాయ్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఆమె గిన్నె అడుగు కనపడేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు.